రాత్రి సరస్సుపై ఒక దీపము: క్రాపీ చేపల వేటకు తొలి పాఠము

మత్స్యములను గూర్చి పాఠము చెప్పునపుడెల్ల తరగతిలో ఏదో ఒక మూల నుండి మాకు ఎదురగు ప్రశ్న ఒకటి కలదు. "సార్, చేపలు రాత్రిపూట నిద్రపోతాయా?" చేపలలో అత్యధిక జాతులకు కనురెప్పలు లేవు. కావున అవి కన్నులు మూసి నిద్రించుట మనము చూడము. పలు జాతులు చీకటి పడిన పిమ్మట ఒకచోట కదలక నిలిచి విశ్రమించును. కాని కొన్నింటికి అసలు పని మొదలగునది సూర్యాస్తమయము తరువాతనే. ఈ సంగతిని మేము చాలకాలము పుస్తకములో ఉన్నంత మేరకే చెప్పుచు వచ్చితిమి. కన్నులార చూచినది మాత్రము అమెరికా దేశములోని ఒక సరస్సు మీద, ఒక చిన్న పడవలో.

మన కళాశాలలో చదివి ఇప్పుడు కెంటకీ రాష్ట్రములో ఉద్యోగము చేయుచున్న పూర్వ విద్యార్థి ఒకరు ఒక వేసవిలో మమ్ము తమ ఇంటికి ఆహ్వానించిరి. "సార్, మీరు బోర్డు మీద గీసిన చేపలన్నీ మేము చూశాం. ఇప్పుడు మేము మీకొక చేపను చూపిస్తాం, రండి" అని ఆయన అనగా కాదనలేకపోయితిమి. ఆ చేప పేరు క్రాపీ. దాని కొరకు రెండు రాత్రులు నీటిపై కూర్చుంటిమి. మొదటి రాత్రి ఒక్క చేపయు దొరకలేదు. ఆ లోపము చేపలది కాదు, మాది. ఆ లోపమేదో విద్యార్థి మిత్రులకు విన్నవించుటయే ఈ వ్యాసమునకు కారణము.

ముందుగా చేపను ఎరుగవలెను. క్రాపీ ఉత్తర అమెరికా ఖండపు మంచినీటి చేప. అక్కడివారు సూర్యమత్స్యములని వ్యవహరించు కుటుంబమునకు చెందినది. ఇందులో తెల్ల క్రాపీ, నల్ల క్రాపీ అని రెండు జాతులు కలవు. పేర్లను నమ్మి రంగును బట్టి గుర్తింపబోయినవారు మోసపోవుదురు. ఏలయన నీటిని బట్టి, ఋతువును బట్టి రంగు మారుచుండును. వీపుమీది వాజమునకు ముందు భాగమున గల ముళ్ళను లెక్కించుట నమ్మదగిన పద్ధతి. ఏడు లేక ఎనిమిది ఉన్నచో నల్లది. ఆరు గాని అంతకు తక్కువ గాని ఉన్నచో తెల్లది. తెల్లదాని ప్రక్కలపై నిలువు చారలును, నల్లదానిపై చెదరిన మచ్చలును ఉండును. తెల్లది కలకనీటిని ఓర్చుకొనును. నల్లది తేటనీటిని, నీటిమొక్కలను కోరును. సామాన్యముగా దొరకునది ఎనిమిది నుండి పన్నెండు అంగుళముల పొడవు, అరపౌండు నుండి ఒక పౌండు బరువు గల చేప. గాలమునకు పడిన తెల్ల క్రాపీలలో మిక్కిలి పెద్దదిగా లెక్కకెక్కినది 1957లో మిసిసిపీ రాష్ట్రములోని ఈనిడ్ ఆనకట్ట వద్ద దొరకినది. దాని బరువు 5 పౌండ్ల 3 ఔన్సులు. లూసియానా ప్రాంతమున దీనిని పిలుచు పేరునకు ఫ్రెంచి భాషలో 'పాలసంచి' అని అర్థము. దాని మాంసపు తెలుపును చూచినవారికి ఆ పేరు వింతగా తోచదు.

వేటకు పోవువాడు ఈ చేప శరీరములో మూడు విషయములను మనసున నిలుపుకొనవలెను. దాని కన్నులు తలపై ఎత్తుగా అమరి యుండును. తన మట్టమునందును తనకు పైనను గల ఆహారమును చూచినంత బాగుగా అడుగున ఉన్నదానిని చూడదు. దాని మొప్పలలోపల దువ్వెన పండ్ల వంటి సన్నని పొడవైన ముళ్ళు అనేకము కలవు. వీటితో అది అతి చిన్న జీవులను సైతము నీటి నుండి వడగట్టి తినగలదు. ఇక దాని నోటి ప్రక్కల చర్మము మిక్కిలి పలుచన. గాలమును గట్టిగా లాగినచో చినిగిపోవును. 'కాగితపు నోరు' అని అక్కడి బెస్తలు దానికి పెట్టిన ముద్దుపేరు. ఈ మూడింటిలో మొదటిదానిని మరచుట వలననే మా తొలి రాత్రి వృథా అయినది.

రాత్రి వేటకు సరస్సులోని నిత్యకృత్యమొకటి ఆధారము. నీటిలో తేలియాడు సూక్ష్మజీవులను ప్లవకములందుము. వీనిలో జంతు ప్లవకములు, ముఖ్యముగా నీటి ఈగలని పేరు గల డాఫ్నియాల వంటివి, పగటివేళ లోతునకు దిగి, సాయంకాలము కాగానే పైకి వచ్చుచుండును. పగలు వెలుతురులో చేపల కంటపడినచో బ్రతుకు ఉండదు. చీకటిలో మీదికి వచ్చినచో అక్కడి సన్నని నాచు కణములు ఆహారముగా దొరకును. ప్రతిదినము జరుగు ఈ ఆరోహణ అవరోహణములు ప్రపంచములోని సరస్సులన్నిట, సముద్రములన్నిట కలవు. ఒక ఋతువుననో ఒక సంవత్సరముననో పక్షులు చేయు వలసను చూచి మనము ఆశ్చర్యపడుచుందుము గాని, మన ఊరి చెరువులో ప్రతి సాయంత్రము జరుగు వలసను గమనింపము. ప్లవకముల వెంట చిరుచేపలు, చిరుచేపల వెంట క్రాపీలు. చీకటిలో ఈ పరివారమంతయు సరస్సు పొడవునా చెదరియుండును. మనము నీటిపై దీపము పెట్టినచో ఆ చెదరినది ఒక్కచోట కూడును. రాత్రి వేట యనగా ఇంతియే.

దీపములకు కూడ ఒక చరిత్ర కలదు. వెనుకటి తరమువారు మన పెళ్ళిఊరేగింపులలోని పెట్రోమాక్స్ దీపములను పోలిన గాలి లాంతరులను పడవ అంచున కొక్కెమునకు వ్రేలాడగట్టెడివారు. తరువాత బ్యాటరీతో వెలుగు తేలియాడు దీపములు వచ్చినవి. నేడు ఎక్కువమంది వాడునవి నీటిలో మునుగు ఆకుపచ్చని ఎల్‌ఈడీ దీపములు. ఆకుపచ్చ ఎందులకని మేమడిగితిమి. ఎరుపు కాంతిని నీరు త్వరగా పీల్చివేయును. నాచుతో పచ్చబారిన సరస్సు నీటిలో మిగిలిన రంగులకంటె ఆకుపచ్చ ఎక్కువ లోతునకు పోవును. పైగా దీపము నీటిలో ఉండుటచేత పురుగుల బాధ తగ్గును. లాంతరు వెలుగునకు ముసురు పురుగులు కన్నులలో, చెవులలో, తేనీటి గిన్నెలో పడుచుండునని పూర్వ విద్యార్థిగారు చెప్పగా, దీపావళి ముందు మన వీధి దీపముల క్రింది పచ్చపురుగులు మాకు జ్ఞాపకము వచ్చినవి. ఐతే నీటిలో రాలిన ఆ పురుగులును చిరుచేపలకు విందే కనుక, పాతతరమువారు లాంతరును విడువరు.

మేము పోయిన సరస్సు కెంటకీ సరస్సు. ఇది ప్రకృతి సిద్ధమైనది కాదు. టెనెసీ నదిపై టెనెసీ లోయ అభివృద్ధి సంస్థ నిర్మించి 1944లో ముగించిన ఆనకట్ట వెనుక నిలిచిన నీరు. పొడవు 184 మైళ్ళు. విస్తీర్ణము ఒక లక్ష అరువది వేల ఎకరములు. మిసిసిపీ నదికి తూర్పున మానవుడు నిర్మించిన సరస్సులలో విస్తీర్ణమున ఇదియే పెద్దది. గాలము వేయుటకు అక్కడ లైసెన్సు కావలెను; మాకు కొలది దినములకు చెల్లు లైసెన్సు తీసిరి. ఎన్ని చేపలు ఉంచుకొనవచ్చును, ఎంత పొడవునకు తక్కువ ఉన్నదానిని తిరిగి విడువవలెను, దీపము వాడవచ్చునా యను నియమములు ఒక్కొక్క రాష్ట్రమునకు, ఒక్కొక్కప్పుడు ఒక్కొక్క సరస్సునకు వేరు. వాటిని ముందు రోజు చదివి పోవుట గాలము కట్టుటకంటె ముందు చేయవలసిన పని.

మొదటి రాత్రి మేము చేసిన తప్పులు మూడు. వాటిలో ఒకటి ప్రాణాపాయమైనది గనుక దానినే ముందు చెప్పెదము. కెంటకీ సరస్సు నడుమ సరకుల బార్జీలు పోవు దారి కలదు. ఒకదానికొకటి కట్టిన బార్జీల వరుసను వెనుక నుండి ఒక త్రోపుడు నౌక నడుపుచుండును. చేపలు ఆ దారి అంచున లోతు హఠాత్తుగా మారుచోట నిలుచునని విని, ఉత్సాహముతో మేము ఆ అంచునకు మరీ దగ్గరగా లంగరు వేయించితిమి. అర్ధరాత్రికి ముందు దూరమున ఒక దీపము కనిపించినది. నక్షత్రమనుకొంటిమి. అది పెరిగినది. బార్జీల వరుస వెంటనే ఆగలేదు, ప్రక్కకు త్వరగా తిరుగలేదు. దాని నడుపువానికి తన ముందు చాల దూరము నీరు కనిపించనే కనిపించదు. లంగరు ఏదో మొద్దునకు తగులుకొని పైకి రాలేదు. పూర్వ విద్యార్థిగారు తడవు చేయక త్రాటిని కోసివేసి, యంత్రమును నడిపి ప్రక్క కయ్యలోనికి పడవను చేర్చిరి. బార్జీలు దాటిన తరువాత వచ్చిన అలలకు మా పడవ ఊగిన ఊపు ఇప్పటికిని మరువలేము. పడవలో అందరును లైఫ్ జాకెట్లు తొడుగుకొని యుంటిమి. నలుదిక్కుల కనబడు తెల్లని దీపము వెలుగుచునే యున్నది. ఐనను నౌకల దారిలో నిలిచినవానికి ఆ రెండును చాలవు. త్రాటిని కోయుటకు చేతికందు చోట కత్తి ఉండుట మా అదృష్టము కాదు, ఆయన అలవాటు.

ఆ మరునాడే లంగరును గూర్చి కొంత నేర్చితిమి. ఒక్క లంగరుపై నిలిచిన పడవ గాలికి గడియారపు ముల్లువలె తిరుగుచుండును. దీపము తిరుగును, ఎర తిరుగును, క్రింద చేరిన చిరుచేపలు చెదరును. కనుక రెండు లంగరులు కావలెను. కాని ముందుగా వేయవలసినది పడవ ముక్కు వైపు లంగరు, అదియు గాలికి ఎదురుగా. వెనుక భాగము ఎత్తు తక్కువ. యంత్రపు బరువు కూడ అక్కడనే. వెనుక వైపున మాత్రమే కట్టి అలలకు అటు తిప్పినచో నీరు లోనికి వచ్చి పడవ మునుగును. ఇన్ని చిక్కులు వలదనుకొను క్రొత్తవారికి మా సలహా పడవ కాదు. ఒడ్డు నుండి నీటిలోనికి కట్టిన చెక్కబల్లల రేవు, లేక కాలినడకకు అనుమతి గల వంతెన ప్రక్క స్థలము. అక్కడ కంబముల నీడన చేపలు సహజముగానే చేరును. ఒంటరిగా మాత్రము పోరాదు.

రెండవ తప్పు లోతు. మన చెరువులలో కొర్రమీనునకో జెల్లకో గాలము వేయునపుడు ఎరను అడుగునకు దించుట మాకు చిన్ననాటి అలవాటు. ఆ అలవాటు చొప్పుననే ఇరువది అడుగుల నీటిలో ఎరను మట్టికి తాకించి కూర్చుంటిమి. క్రాపీలు అప్పుడు పది, పన్నెండు అడుగుల లోతున, దీపపు వెలుగు మసకబారు అంచున నిలిచి పైకి చూచుచున్నవి. వాటి పాదముల క్రింద — చేపలకు పాదములు లేకున్నను మాట కొరకు అంటిమి — మేము పెట్టిన విందు వాటి కంటపడలేదు. ఎర చేపకు ఒకటి రెండు అడుగుల పైననే ఉండవలెను. చేపలున్న లోతు ముందుగా తెలియదు గనుక రెండు మూడు గాలములను వేర్వేరు లోతులకు దించి, దేనికి తాకిడి కలిగినదో చూచి మిగిలినవానిని దానికి సరిపెట్టవలెను. దారమునకు బెండు ముడి ఎచ్చట కట్టినదియు గుర్తు పెట్టుకొననివాడు మొదటి చేపను పట్టినను రెండవదానిని పట్టలేడు.

మూడవది తొందర. దీపము ముంచిన పది నిమిషములకే చేపలు లేవని చోటు మార్చితిమి. మరల పది నిమిషములకు మరియొక చోటు. ఎరలమ్ము దుకాణములోని వృద్ధురాలు మరునాడు మా కథ విని నవ్వి, "దీపం చేపల కోసం కాదండీ, చేపల తిండి కోసం" అనెను. మా ముప్పది ఏండ్ల పాఠములు ఆ ఒక్క వాక్యములో ఇమిడినవి. వెలుగులో ప్లవకములు మబ్బువలె చేరుటకే అరగంట పట్టును. వాటి కొరకు చిరుచేపలు గుండ్రముగా తిరుగ మొదలిడును. వాటి అలికిడి విని, వాసన పట్టి క్రాపీలు వచ్చుటకు గంట, ఒక్కొక్కప్పుడు రెండు గంటలు. ఉర్దూ విభాగపు మా మిత్రులు సబ్ర్ అను మాటను తరచు వాడుదురు; ఇక్కడ దానికి జీవశాస్త్రపు లెక్క కూడ కలదు.

రెండవ రాత్రి అమావాస్యకు దగ్గర. వెన్నెల రాత్రులలో వెలుగు సరస్సంతయు పరచుకొనును గనుక మన దీపమునకు గిరాకి తక్కువ. ఒక కయ్యలో, నీట మునిగిన చెట్టుకొమ్మల ప్రక్కన, సూర్యుడు అస్తమింపక ముందే రెండు లంగరులు వేసి కదలక కూర్చుంటిమి. చీకటిలో చోటు వెదకుట కంటె వెలుతురులో చోటు చూచుకొని చీకటి కొరకు వేచియుండుట మేలు. ఆరు పౌండ్ల బరువునకు ఆగు సన్నని దారము, చిన్న సీసపు గుండు, సన్నని తీగతో చేసిన గాలము. తీగ సన్ననిదైనచో కొమ్మకు తగులుకొన్నప్పుడు మెల్లగా లాగగా గాలము సాగి బయటికి వచ్చును, దారము తెగదు. ఎర మిన్నో అను చిరుచేప. వెన్నెముకకు తగులకుండ వీపు వాజమునకు క్రిందుగా గాని, రెండు పెదవుల గుండా గాని గాలమును గ్రుచ్చవలెను. ఎర ఈదుచుండిననే క్రాపీకి ఆశ పుట్టును.

తొమ్మిది గంటలకు పచ్చని వెలుగులో ధూళి వంటిది కనిపించెను. ధూళి కాదు, ప్రాణులు. పాఠ్యపుస్తకములో బాణపు గుర్తులతో గీసిన ఆహారపు గొలుసు మా మోకాళ్ళ ప్రక్కన గుండ్రముగా తిరుగుచుండెను. పదిన్నర దాటిన పిమ్మట ఒక బెండు వింతగా ప్రవర్తించినది. మునుగుటకు బదులు ప్రక్కకు ఒరిగి పడుకొన్నది. మేము గాలివాటమనుకొంటిమి. "సార్, ఎత్తండి, మెల్లగా!" అని పూర్వ విద్యార్థిగారు గుసగుసలాడిరి. క్రాపీ క్రింది నుండి వచ్చి ఎరను పట్టి పైకి లేచును. సీసపు బరువు దానిపై పడుటచేత దారము వదులై బెండు ఒరుగును. లాగుట కొరకు కనిపెట్టుకొని యుండువాడు ఈ తాకిడిని సగము సార్లు పోగొట్టుకొనును. కాగితపు నోరు జ్ఞాపకము పెట్టుకొని మణికట్టును కుదుపక ఎత్తి, చేతివలతో అందుకొంటిమి. ముళ్ళు లెక్కించితిమి. ఆరు.

ఇంత సులభముగా చేపలను ఒకచోట చేర్చుట న్యాయమా యని విద్యార్థులు అడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నయే. మన దేశపు సముద్రజలములలో ఎల్‌ఈడీ దీపములతో చేపలు పట్టుటను భారత ప్రభుత్వము 2017లో నిషేధించినది. అక్కడ దీపము ఇదియే, విజ్ఞానము ఇదియే. కాని దీపము క్రింద చేరిన గుంపునంతటిని, పిల్లలతో సహా, పెద్ద వల చుట్టివేయును. దీపము లేని చిన్న నావల బెస్తలకు మిగులునది ఖాళీ నీరు. సరస్సుపై ఒక గాలమునకు ఒక చేప చొప్పున, పరిమితికి లోబడి పట్టుట వేరు. మన ఊళ్ళలో తొలకరి వానలకు కాలువల నుండి పొలములలోనికి ఎదురెక్కు చేపలను టార్చి లైటు వేసి బుట్టలకెత్తుట కూడ ఈ ప్రశ్న నుండి తప్పించుకొనజాలదు. అవి గ్రుడ్లు పెట్టబోవు తల్లులు. చేపను పట్టుట తప్పని మేమనుట లేదు. ఏ వేళ, ఏ చేపను, ఎన్ని యను లెక్క లేకపోవుట తప్పు.

ఈ క్రాపీని తెచ్చి మన చెరువులలో పెంచరాదా యని ఒక మిత్రుడు మమ్ము అడిగెను. వలదు. చిన్న కుంటలలో క్రాపీలు అతిగా పెరిగి, తిండి చాలక అన్నియు గిడసబారిపోవుట వాటి స్వదేశములోనే తెలిసిన చిక్కు. పరదేశపు చేపను తెచ్చి విడిచిన ఫలితమును ఆఫ్రికా వాలుగ విషయమున మనము చూచియే యున్నాము. దాని పెంపకము మన దేశమున నిషిద్ధము. క్రాపీ వలన నేర్వదగినది పద్ధతి, తేదగినది జ్ఞానము. సాయంకాలము మన కళాశాలకు సమీపమున గల ఏ చెరువు గట్టునైనను కూర్చుండి, అనుమతితో, తోడుతో, సన్నని గుడ్డతో కుట్టిన ప్లవకపు వలను సూర్యాస్తమయమునకు ముందు ఒకమారు, రెండు గంటల తరువాత ఒకమారు పైనీటిలో లాగి, రెండు సీసాలను సూక్ష్మదర్శిని క్రింద పోల్చినచో మేము చెప్పినది నిజమో కాదో విద్యార్థులకే తెలియును. జంతుశాస్త్ర ప్రయోగశాలకు అట్టి వల ఒకటి కావలెనని కళాశాల కమిటీ పెద్దలకు ఇదే అదనుగా మనవి చేసికొనుచున్నాము. ఖర్చు స్వల్పము.

ఆ రాత్రి ఒంటిగంట వరకు తొమ్మిది చేపలు పడినవి. కొలబద్దకు చాలని మూడింటిని తడిచేతితో పట్టి విడిచితిమి. పొడిచేతితో పట్టినచో పొలుసులపై జిగురుపొర ఊడి, చేపకు రోగములు తగులును. మిగిలిన ఆరింటిని వెంటనే మంచుగడ్డల పెట్టెలో ఉంచితిమి. వేసవి రాత్రి నీటిబక్కెట్టులో ఉంచిన చేప తెల్లవారునప్పటికి మెత్తబడును. దీపము ఆర్పిన పిమ్మట మేము వెంటనే లంగరు లేపలేదు. కన్నులు చీకటికి అలవాటుపడు వరకు ఆగితిమి. నక్షత్రముల వెలుగున నీటిపై చిరుచేపల వలయము ఇంకను తిరుగుచునే యుండెను. క్రమముగా వలయము వదులైనది. ఒక్కొక్కటియు ఎటో పోయినది. అప్పుడు వెనుక లంగరు, తరువాత ముక్కు వైపు లంగరు లేపి, రేవు దీపము వైపు మెల్లగా సాగితిమి.